మూడో గడి

జనవరి 11

ఒరేయ్ చిన్నోడా,

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ ఎవరో అమ్మాయే ఎత్తింది. "సార్ మీటింగులో ఉన్నారు, మీరెవరు?" అంటుంది. వాళ్ళ అక్కనమ్మా అంటే కిసుక్కున నవ్వి పెట్టేసింది. అందులో నవ్వడానికేముందో నాకైతే అర్థం కాలేదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. గ్రీజు మరకలు కూడా కలిపి చదువుకో.

ముందు నా ఒళ్ళుమంట సంగతి. సైకిల్ పందాల వీరుడివని నీ మీద సినిమా తీస్తున్నారట కదా, అందులో నీ వేషం నువ్వే వేస్తున్నావట. పేపర్లో చూశాను, నీ నోట వినలేదు, సరేలే. ఆ సినిమావాళ్ళు ఎనిమిది మంది మన షాపు మీద పడ్డారు. టేపు పెట్టి గుమ్మం కొలిచారు, బల్ల కొలిచారు, నన్ను జరగమని నేను కూర్చునే స్టూలు కూడా కొలిచారు. అచ్చం ఇలాంటి సెట్టే వేస్తారట. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాళ్ళలో ఒకడు గోడ చూసి పెదవి విరిచాడు. "మరీ శుభ్రంగా ఉంది, పేదరికం కనపడట్లేదు" అన్నాడు. అని నా గ్రీజు డబ్బాలో నాలుగు వేళ్ళూ ముంచి గోడ పొడుగునా పూశాడురా! ఫోటోకి బాగుంటుందట. ఇరవై ఆరేళ్ళుగా షాపు మూసేముందు రోజూ కిరోసిన్ గుడ్డతో తుడిచే గోడ అది. నీళ్ళూ సబ్బూ పెట్టి రెండు రోజులు తోమాను, ఇంకా పోలేదు. ఛీ, పేదరికం కావాలంటే పూసుకోవాల్సి రావడమేమిటి, ఏం మనుషులురా వీళ్ళు?

ఆ గుంపులో ఒక్క మనిషే మనిషిలా కనిపించారు. మీ మామగారు. అంత పేరున్న హీరో, వయసైపోయినా చూడగానే గుర్తుపట్టే మొహం, నా పక్కన పీట మీద రెండు రోజులు కూర్చున్నారు. చక్రం బెండు ఎలా తీస్తావో చూపించు అన్నారు. చూపించాను. ఒక్కో స్పోకునీ గోటితో మీటి, ఏది బిగుసుకుందో ఏది వదులైందో చప్పుడు బట్టి చెప్పడం ఆయనకి భలే నచ్చింది. "కళ్ళు మూసుకుని వినండి మావయ్యగారూ" అంటే చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకున్నారు. మావయ్యగారూ అన్నప్పుడల్లా ఒక్క క్షణం నా వంక అదోలా చూసేవారు. మొహమాటం మనిషేమో. వెళ్ళేటప్పుడు నీలం రంగు స్వెటర్ చేతిలో పెట్టారు. నీ పెళ్ళయిన ఆరేళ్ళకి మీ అత్తవారి వైపు నుంచి మన గడప తొక్కిన మొదటి మనిషి ఆయన. స్వెటర్ వేసుకుని వీధంతా చూపించుకున్నాను.

ఇక అసలు విషయం. ఆడపిల్లల సైకిల్ జట్టుకి శిక్షణ కేంద్రం పెట్టారు కదా, అందులో చక్రాలు కట్టే మెకానిక్ కావాలట. ఈ షాపు ఓనరు ఏప్రిల్లో ఖాళీ చేయమన్నాడు. నాకు నలభై ఎనిమిది వచ్చాయి. ఈ ఉద్యోగం రాకపోతే సంచి భుజానేసుకుని రోడ్డు పక్కన పంక్చర్లు వేసుకోవాల్సిందే. చదువు కాగితాలు అక్కర్లేదట. నేను కట్టిన చక్రాల మీద పెద్ద పోటీలో తొక్కినవాడు సంతకం పెడితే చాలట. ఫారం దీంతో పంపుతున్నాను. మొదటి గడిలో నీ పేరు. రెండో గడిలో ఏ పోటీలో తొక్కావో. మూడో గడిలో నాకూ నీకూ బంధుత్వం. బంధువులు పెట్టొచ్చా అని అడిగితే, "పెట్టొచ్చమ్మా, దాచకూడదు అంతే. కొట్టివేతలు ఉంటే మాత్రం చెల్లదు" అన్నారు. మార్చి 31 లోపు ఇచ్చెయ్యాలి.

మూడో గడిలో 'తమ్ముడు' అని నీ చేత్తో రాసి పంపు. నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో.

మీ అక్క

జనవరి 30

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వుకున్నానో. అదే నోరు, అదే కోపం. గోడ సంగతి వదిలెయ్, షాపు ఎలాగూ ఖాళీ చేస్తున్నావుగా.

నేను బాగున్నాను. మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తోంది. పొద్దున్నే సైకిలెక్కి బయటికెళ్దామంటే మొహం నల్లబడుతుందని ఇంట్లో కోప్పడుతున్నారు. సినిమా విడుదలయ్యేదాకా నల్లబడకూడదట.

మామగారు నీ పని చూసి తెగ మెచ్చుకున్నారు. సినిమాలో ఆయనది గురువు వేషం. దిక్కులేని కుర్రాణ్ణి చేరదీసి, చక్రం చప్పుడు వినడం నేర్పి, ఛాంపియన్‌ని చేసే గురువు. నీ దగ్గర చూసినదంతా అచ్చుగుద్దినట్టు చేస్తున్నారు. నీ పని అంత పెద్ద తెర మీద కనపడుతుంది, అంతకన్నా గౌరవం ఏముంటుంది చెప్పు?

ఫారం నా బల్ల మీదే ఉంది. కాకపోతే ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా లాయరుకి చూపించాలని ఒప్పందం ఉంది. చూపించి పంపుతాను, కంగారు పడకు.

ఇంకొక్క మాట, తప్పుగా అనుకోకు. ఉత్తరాల్లో 'మావయ్యగారు', 'అత్తవారు' అని రాయకు. ఎదురుగా కూడా అనకు. ఇక్కడ ఉత్తరాలు నలుగురి చేతుల్లో పడతాయి.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 9

ఏరా,

మావయ్య అంటే ఆయన వయసు బయటపడుతుందా? జుట్టుకి రంగు మానేసినా పిలుపుకి రంగు కావాలా? సరే, అననులే. సినిమావాళ్ళ సోకు అనుకుని ఊరుకుందామనే అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం వరకూ అలాగే ఉన్నాను కూడా.

నిన్న బట్టల విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా పాత చొక్కాలు కావాలంది. జేబు దగ్గర నూనె మరకలున్నవి, మోచేతుల దగ్గర చిరిగినవి. ఎవరికమ్మా అంటే, "చనిపోయిన అక్క పాత్రకండీ" అంది. ఎవరి అక్క అన్నాను. "హీరోగారి అక్క. చక్రం తీసుకొస్తూ లారీ కింద పడిపోతుంది. నిజంగా జరిగిందే కదండీ, పాపం" అని నాకే చెప్పింది! నా చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది. ఆ వేషం ఎవరేస్తున్నారు అన్నాను. పేరు చెప్పింది.

ఒరేయ్, నీ పెళ్ళాం నీ అక్క వేషం వేస్తోందా? రాత్రి నీ పక్కన పడుకున్న మనిషి పొద్దున లేచి నా చొక్కా తొడుక్కుని, నీ తల నిమిరి, 'చిన్నోడా' అంటుందా? రోత కాదట్రా? ఆ ఇంట్లో ఎవరికీ వాంతి రాలేదా?

ఇంకా విను. ఆ అమ్మాయితో లైట్లు మోసేవాళ్ళు ఐదుగురు వచ్చారు. ఐదుగురికీ నీలం స్వెటర్లే. వెనకాల కంపెనీ గుర్తుతో సహా. నాది ఇంటికొచ్చాక తిప్పి చూస్తే నా వీపు మీదా ఉంది. నేను దాన్ని వేసుకుని వీధిలో అందరికీ తమ్ముడి మామగారు పెట్టారని చెప్పుకున్నాను కదా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురింటి టైలరమ్మ, "అవునక్కా, వాళ్ళందరికీ కూడా మామగారేనా?" అని అడిగింది. స్వెటర్ ఇప్పుడు చైన్లు తుడవడానికి పనికొస్తోంది, ఉన్ని కదా, నూనె బాగా పీలుస్తుంది.

ఏ దిక్కుమాలిన రచయిత రాశాడురా నన్ను లారీ కింద? వాడి అడ్రసు పంపు. ఫారం కూడా పంపు. లాయరుకి మూడు గడులు చదవడానికి మూడు వారాలా?

ఇంకా ఊపిరి ఆడుతున్న
మీ అక్క

ఫిబ్రవరి 21

అక్కా,

ఇంత కోపమైతే ఎలా? అది సినిమా. ప్రేక్షకుడికి కన్నీళ్ళు కావాలి. నా కథలో ఏడుపు ఎక్కడుంది చెప్పు? సైకిలు తొక్కాను, గెలిచాను, మళ్ళీ తొక్కాను. దానికి టికెట్టు కొని ఎవరొస్తారు? నువ్వు పోయే ఘట్టం చాలా గౌరవంగా తీశారు. చక్రం ఒక్కటే రోడ్డు మీద దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగుతుంది. చూసి కెమెరా పట్టుకున్నవాడు కూడా ఏడ్చాడట.

తనంటావా, తను నటి. నటులకి అలాంటి పట్టింపులు ఉండవు. నీ వేషం కోసం ఎంత కష్టపడుతోందో నీకేం తెలుసు? నీలాగే గోళ్ళు విరగ్గొట్టుకుంది.

నీ బాధ నాకర్థమైంది. నిన్ను పూర్తిగా పక్కన పెట్టేశామని కదా? దర్శకుడితో మాట్లాడాను. నీకు ఒక చిన్న వేషం ఇస్తానన్నాడు. ఒక్క రోజు పని. అక్క శవం మీద పడి ఏడ్చే పక్కింటావిడ. మాటలేమీ ఉండవు, ఏడిస్తే చాలు. నా కోసం ఒప్పుకున్నాడు, మామూలుగా కొత్తవాళ్ళకి ఇవ్వరు. కారు పంపనా?

ఫారం సంగతి. లాయరు ఒప్పుకోవట్లేదు. చక్రాలు సినిమాలో గురువు కాక వేరెవరో కట్టారని నేను సంతకం పెడితే సినిమా అబద్ధమని ఎవడో గొడవ చేస్తాడట. మేలో విడుదల. జూన్‌లో కళ్ళు మూసుకుని పెట్టేస్తాను.

నీ తమ్ముడు

మార్చి 3

చిన్నోడా,

నా శవం మీద పడి నేనే ఏడవాలా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, వెటకారమేమో అని. కాదు, నిజంగానే అడిగావు. పైగా కారు పంపుతానన్నావు. థూ!

జూన్‌లో సంతకం పెట్టి ఎవరికిస్తావు? మార్చి 31 అని రాశానా లేదా? నాకు వేషం అడిగానా? నా బొమ్మ తెర మీద వెయ్యమన్నానా? నా పేరు చెప్పమన్నానా? నేను అడిగింది మూడు గడులు, ఒక సంతకం. అడగనిదంతా ఇస్తానంటావు, అడిగిందానికి మాత్రం లాయరు అడ్డం వస్తాడు.

నీ సినిమా ముక్క టీవీలో వేస్తున్నారు. వేసిన దగ్గర్నుంచీ నాకు పరామర్శలు. మూల మీద స్కూల్లో లెక్కల మాస్టారు పూలు పట్టుకొచ్చి గుమ్మంలో నన్ను చూసి కొయ్యబారిపోయాడు. వెనక్కి తీసుకెళ్ళడం మొహమాటమనిపించి చివరికి నా చేతికే ఇచ్చాడు. ఇంకొకాయన, "పాత యజమానురాలు పోయాక మీరు తీసుకున్నారా షాపు, ఆవిడ పనితనమే వేరు లెండి" అన్నాడు. నవ్వొస్తోందా? నాకు మొదటి రోజు వచ్చింది. ఇప్పుడు రావట్లేదు.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వు మర్చిపోయినట్టున్నావు, నేను చెబుతాను విను. నీకు పంతొమ్మిదేళ్ళు. పెద్ద పందానికి ముందు రోజు గుంతలో పడి వెనక చక్రం ఎనిమిది అంకెలా తిరిగిపోయింది. ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చావు, ఇంటికొచ్చేస్తానన్నావు. నేను రిమ్మూ హబ్బూ స్పోకులూ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఆరు గంటలు. బస్సులోనే కట్టాను. స్పోకు చప్పుడు వినపడట్లేదని బస్సులో జనాన్ని మాట్లాడొద్దని బతిమాలాను. కండక్టరు ముందు తిట్టాడు, తర్వాత వాడే అందరినీ ఉష్ అన్నాడు. పొద్దున నీ చేతిలో పెట్టి, గెలుపు గీత దగ్గర మెట్ల మీద కూర్చున్నాను. నిద్ర పట్టేసింది. నువ్వు గెలవడం నేను చూడనే లేదు. నువ్వే వచ్చి లేపావు, కప్పుతో.

ఇందులో ఏడుపు లేదా? ఇది సరిపోలేదా మీ రచయితకి? చక్రం దొర్లుకుంటూ వస్తుందట, లారీ గుద్దినా బెండు కూడా పోకుండా! చక్రం గురించి తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా మీలో?

పరువూ అక్కర్లేదు, వేషమూ అక్కర్లేదు. నువ్వు నోరు తెరిచి ఆ రచయితతో, "మా అక్క బతికుందయ్యా" అని ఒక్క మాట అను. ఆ ఒక్క మాట కూడా అనలేవా?

అక్క

మార్చి 14

అక్కా,

రచయిత తప్పేమీ లేదు. అతన్ని తిట్టకు. ఇది మూడుసార్లు రాసి చింపేశాను, ఈసారి ఎలా వస్తే అలా పంపేస్తాను.

తనని ప్రేమించాక మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. మామగారు ఎవరో కొత్త నటుడి గురించి చెబుతూ, "పంక్చర్లు వేసేవాళ్ళ ఇంట్లోంచి వచ్చాడు, చేతులు చూస్తేనే తెలిసిపోతుంది" అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెంటనే నావైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరెవరున్నారు బాబూ?" అన్నారు. అమ్మానాన్న లేరండీ, ఒక్క అక్క ఉండేది, ఆవిడా పోయింది అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎలా పోయిందని తను అడిగింది. లారీ అన్నాను. తను కళ్ళనీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత ఎప్పుడు చెప్పను? పెళ్ళికి నువ్వు వస్తానంటే వద్దనలేకపోయాను. నేను సైకిలు మీద మంటపానికి రావాలని వాళ్ళ ముచ్చట కదా, నిన్ను ఆ సైకిలు పక్కన నిలబెట్టాను. మా మెకానిక్ అని చెప్పాను. మామగారు నీ దగ్గరికి వచ్చింది మెకానిక్ దగ్గర పని నేర్చుకోవడానికి. నువ్వు మావయ్యగారూ అంటే పనివాళ్ళ మర్యాద అనుకున్నారు. అందుకే అనొద్దన్నాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం తను చదివింది. నువ్వు ఊపిరి ఆడుతున్నానని రాశావు చూడు, అది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "సగం షూటింగు అయిపోయింది, ఇప్పుడెలా?" అంది. నాన్నకి తెలియనివ్వొద్దంది.

తిట్టు అక్కా. ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ ఉత్తరం రాయడం మానకు.

చిన్నోడు

మార్చి 18

చంపింది నువ్వా?

ఆ పెళ్ళికి నేను కొత్త బట్టలు కుట్టించుకున్నాను. గోళ్ళలో గ్రీజు పోవాలని రెండు రోజులు నిమ్మకాయతో రుద్దుకున్నాను. నన్ను సైకిలు పక్కన నిలబెడితే, మా తమ్ముడికి నా పనంటే ఎంత గర్వమో అని మురిసిపోయాను. ఎవరో పెద్దమనిషి వచ్చి, "మా కారు టైరులో గాలి ఉందో లేదో కాస్త చూడమ్మా" అంటే, పెళ్ళికొడుకు అక్కతో వేళాకోళమాడుతున్నారనుకుని పకపకా నవ్వాను. నవ్వుతూ వెళ్ళి చూశాను కూడా. నువ్వు మంటపం మీద నుంచి చూస్తూనే ఉన్నావు.

నన్ను తిట్టమన్నావు. తిట్టను. తిట్టడానికి కూడా నిన్ను తాకాలి కదా, నాకు అసహ్యంగా ఉంది. తిట్లు తిని తేలికపడదామనుకుంటున్నావేమో, ఆ సాయం నేను చెయ్యను.

ఫారం పంపు. పదమూడు రోజులే ఉన్నాయి. ఇంకే క్షమాపణా నాకు వద్దు. ఎవరి ముందూ ఏమీ ఒప్పుకోవద్దు, మీ మామగారి ముందు అసలే వద్దు. ఆ కాగితం బీరువాలో పెట్టుకునే కాగితం, సినిమా చూసేవాళ్ళెవరూ దాన్ని చూడరు. మూడో గడిలో ఏమని రాస్తావో అదొక్కటే చూస్తాను.

మార్చి 25

అక్కా,

ఫారం దీంతోనే ఉంది. సంతకం పెట్టాను! రెండు రోజులు లాయరుతో కొట్లాడాను నీ కోసం. చక్రాలు కట్టింది ఎవరో మెకానిక్ అంటే పర్వాలేదట. సినిమాలో గురువు చెబితే మెకానిక్ కట్టింది అనుకుంటారట. రెండో గడిలో ఒక్క పోటీ కాదు, నేను గెలిచిన తొమ్మిది పోటీలూ రాశాను. అంత గట్టి సిఫారసు ఇంకెవరికీ ఉండదు, ఉద్యోగం నీదే.

మూడో గడి చూసి బాధపడకు. 'లేదు' అని రాయక తప్పలేదు. అక్క బతికుందని నా చేతిరాతతో ఒక్క కాగితం ఎక్కడున్నా, అది బయటికొస్తే సినిమా, మామగారి పరువు, నా కాపురం అన్నీ ఒకేసారి పోతాయి. మూడు గడుల్లో రెండు నిజమే రాశాను కదా. ఒక్క గడే కదా అక్కా. మన మధ్య ఉన్నది కాగితం మీద రాస్తే వచ్చిందా, రాయకపోతే పోతుందా?

ఉద్యోగం వచ్చాక చెప్పు. అందరూ నిద్రపోయాక ఫోన్ చేస్తాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 10

ఛాంపియన్ గారికి,

నమస్కారం. మీరు పంపిన ఫారం అందింది.

దాన్ని బల్ల మీద పెట్టుకుని ఒక రోజంతా షాపు తెరవకుండా కూర్చున్నాను. మీరు రాసిన మాట కొట్టేసి పైన నేనే రాద్దామని పెన్ను తీశాను. కొట్టివేత ఉంటే చెల్లదని గుర్తొచ్చి ఆగాను. చింపి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. చింపితే పోయేది నా బతుకే కానీ మీ సినిమా కాదు కదా. ముప్పై ఒకటో తారీకు పొద్దున వెళ్ళి ఉన్నదున్నట్టుగా ఇచ్చేశాను.

అక్కడ ఫారాలు తీసుకునే ఒక పెద్దావిడ ఉంది. కళ్ళజోడు సర్దుకుని అంతా చదివింది. తొమ్మిది పోటీలు చూసి, "అమ్మో" అంది. మూడో గడి దగ్గర ఆగి నా మొహం చూసింది, పక్కనే కాలెండరు మీద ఉన్న మీ ఫోటో చూసింది. "ఏమీ అనుకోకండి, ఇది అందరినీ నోటితో కూడా అడగాలి. ఆయన మీకేమీ కారా? కనుబొమ్మల దగ్గర పోలిక ఉంటేనూ" అంది.

"ఏమీ కారండీ. కొన్నాళ్ళు ఆయన సైకిలు నేనే చూసేదాన్ని" అన్నాను. ముద్ర వేసేసింది.

మొన్న సోమవారం చేరాను. పదహారు మంది పిల్లలు, నలభై సైకిళ్ళు, వెలుతురు బాగా వచ్చే గది. పని బాగుంది. ఈ నెలాఖరున మీరూ మేడంగారూ ముఖ్య అతిథులుగా వస్తున్నారని నోటీసు పెట్టారు. సిబ్బందిని వరసలో నిలబెడతారట, మీరు ఒక్కొక్కరినీ పలకరిస్తారట. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను నోరు జారుతానేమోనని మీరు భయపడక్కర్లేదు. ఫోన్ కూడా చేయవద్దు. ఉత్తరాలు రాస్తే కేంద్రం ఆఫీసు పేరుతో రాయండి, చక్రాల గురించైతే నాకు ఇస్తారు.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఆవిడ అడుగుతుందని నాకు ముందే తెలుసు. అడిగితే నోరు తడబడుతుంది, మొహం పట్టిస్తుంది, అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది అని భయపడుతూనే వెళ్ళాను. అలాంటిదేమీ జరగలేదు. బయటికొచ్చాక వరండాలో కుళాయి తిప్పి నాలుగైదుసార్లు నోరు పుక్కిలించి ఉమ్మాను, నా మీద నాకే అంత రోత పుట్టింది. అబద్ధమాడినందుకు అనుకున్నాను. కాసేపు అక్కడే కూర్చుని ఆలోచిస్తే అందుక్కాదని తెలిసింది. ఆవిడకి ఆ మాట చెప్పినప్పుడు నాకు అబద్ధం చెబుతున్నట్టే అనిపించలేదు.

ఇట్లు,
మెకానిక్, చక్రాల విభాగం